ఒక బడిలో అయితే ‘ఎందుకు?’, ఇంకో బడిలో అయితే ‘మామూలే’

1992 ఫిబ్రవరి 26న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, థామస్ జెఫర్సన్ హైస్కూల్ వరండాలో 15 ఏళ్ల పిల్లాడు తుపాకీ తీసి ఇద్దరు తోటి విద్యార్థులను కాల్చి చంపాడు. నగర మేయర్ డేవిడ్ డింకిన్స్ ఆ బడికి రావాల్సిన రోజు అది. అంతకు మూడు నెలల ముందే అదే బడిలో ఇంకో విద్యార్థి తూటాకు బలయ్యాడు. ఆ పేట పేరు ఈస్ట్ న్యూయార్క్. అక్కడ ఉండేది ఎక్కువగా నల్లవాళ్లు, లాటినోలు. చాలామటుకు పేదలు.

ఏడేళ్ల తర్వాత, 1999 ఏప్రిల్ 20న, కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లల్నీ ఒక ఉపాధ్యాయుణ్నీ చంపి, తామూ కాల్చుకుని చనిపోయారు. అది డెన్వర్ నగరం పక్కన, కార్లూ పచ్చిక బయళ్లూ ఉన్న తెల్ల మధ్యతరగతి శివారు.

కొలంబైన్ పేరు మన తెలుగు పాఠకుల్లో కూడా చాలామంది విన్నారు. థామస్ జెఫర్సన్ హైస్కూల్ పేరు అమెరికాలోనే మరిచిపోయారు. పదమూడు ప్రాణాలు పోయిన చోటునూ, రెండు పోయిన చోటునూ ఒకే కొలతతో రాయమని ఎవరూ అడగరు. కాబట్టి ఎంత రాశారన్నది పక్కన పెడదాం. ఎలా రాశారన్నది చూడాల్సిన సంగతి.

కొలంబైన్ తర్వాత అమెరికన్ పత్రికలూ టీవీలూ ఒకే ప్రశ్న పట్టుకుని నెలల తరబడి తిరిగాయి: ఈ పిల్లలు ఇలా ఎందుకు చేశారు? వీడియో గేములన్నారు. మార్లిన్ మాన్సన్ పాటలన్నారు. నల్ల కోట్లు వేసుకు తిరిగే జట్టన్నారు. ఆటగాళ్లైన కుర్రాళ్లు ఏడిపించారని, తల్లిదండ్రులు గమనించలేదని, మానసిక వైద్యం అందలేదని అన్నారు. టైమ్ పత్రిక ఆ ఇద్దరి ఫొటోలూ ముఖచిత్రంగా వేసి, వాళ్లను పక్కింటి రాక్షసులని పేర్కొంటూ, వీళ్ల చేత ఈ పని చేయించిందేమిటని అడిగింది. ఈ జవాబుల్లో చాలా భాగం తప్పని తర్వాత తేలింది. నల్ల కోట్ల జట్టు కథ, ఆటగాళ్ల మీద పగ కథ నిలబడలేదు. డేవ్ కల్లెన్ అనే పాత్రికేయుడు 2009లో రాసిన పుస్తకంలో సగం పని ఈ అపోహలను విడదీయడమే. జవాబులు తప్పితే తప్పాయి, ప్రశ్న మాత్రం అడిగారు. ఆ పిల్లలకు ఒక మనసు ఉందని, అందులో ఏదో విరిగిందని, అదేమిటో వెతకాలని అందరూ ఒప్పుకున్నారు.

బ్రూక్లిన్ పిల్లాడి విషయంలో అంత వెతుకులాట ఎవరికీ అవసరం పడలేదు. జవాబు ముందే తయారుగా ఉంది: ఆ పేట అలాంటిది. మాదకద్రవ్యాలు, ముఠాలు, తండ్రి లేని ఇళ్లు. అవేవీ అబద్ధాలు కావు. ఆ ఏళ్లలో న్యూయార్క్‌లో హత్యలు నిజంగానే విపరీతంగా ఉండేవి. కానీ చూడండి, కొలంబైన్ పిల్లల కథలో ఊరు నేపథ్యం, పిల్లాడు విషయం. బ్రూక్లిన్ కథలో పేటే విషయం, పిల్లాడు దానికి ఒక ఉదాహరణ. మొదటి కథ చదివినవాడికి దిగ్భ్రాంతి కలుగుతుంది, రెండోది చదివినవాడు ‘అక్కడ మామూలే’ అనుకుని పేజీ తిప్పేస్తాడు.

కెంటకీలో పడూకా, ఆర్కాన్సాలో జోన్స్‌బరో, ఆరెగన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్, కాలిఫోర్నియాలో సాంటీ. 1997కీ 2001కీ మధ్య ఈ చిన్న ఊళ్ల బడుల్లో కాల్పులు జరిగిన ప్రతిసారీ టీవీ మైకు ముందు ఎవరో ఒకరు అదే మాట అన్నారు: మా ఊళ్లో ఇలాంటిది జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. ఇన్నిసార్లు జరిగాక కూడా ఆ వాక్యం పాతబడలేదు. అది దుఃఖంలో ఉన్నవాళ్ల మాట, వాళ్లను తప్పు పట్టలేం. దాన్ని హెడ్డింగుగా పెట్టే డెస్కు మాత్రం ఒక క్షణం ఆగాలి. ఇక్కడ జరగదనుకున్నాం అన్న మాట వెనక, జరగాల్సిన చోటు ఇంకెక్కడో ఉందన్న లెక్క దాగి ఉంది.

అసలు లెక్కలేమిటో కూడా చూద్దాం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పరిశోధకులు 1994 నుంచి 1999 వరకు బడులకు సంబంధించిన హింసాత్మక మరణాలను, హత్యలూ ఆత్మహత్యలూ కలిపి, ఒక్కొక్కటిగా సేకరించారు. మొత్తం 220 ఘటనలు, 253 మరణాలు. ఆ 220లో ఒకరి కంటే ఎక్కువమంది చనిపోయినవి 18 మాత్రమే. మిగిలిన 202 ఘటనల్లో పోయింది ఒక్కో ప్రాణం. ప్రపంచానికి తెలిసింది ఆ 18లో కొన్ని. అదే బృందం అంతకుముందు, 1992–94 మధ్య జరిగిన మరణాల మీద చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది: బడిలో హత్యకు గురయ్యే ప్రమాదం నగరాల బడుల్లో, నల్లజాతి, ఇతర మైనారిటీ విద్యార్థులకు ఎక్కువ. అంటే ఎక్కువగా చనిపోతున్న పిల్లలు ఒకరు, ఎక్కువగా వార్తల్లో కనిపించే పిల్లలు ఇంకొకరు. జనంలో భయం కూడా వార్తల్లో కనిపించిన చోటే పెరిగింది. 1998–99లో బడిలో ఒక విద్యార్థి హత్యకు గురయ్యే అవకాశం సుమారు 20 లక్షల్లో ఒకటని ఒక అంచనా. అయినా తమ ఊరి బడిలో కాల్పులు జరగవచ్చని ఒక సర్వేలో 71 శాతం అమెరికన్లు చెప్పారు.

దీనికి తోడు 1995లో ఇంకో మాట పుట్టింది. జాన్ డిలూలియో అనే ప్రొఫెసరు, జాలీ భయమూ లేని బాల నేరస్థుల తరం ఒకటి ముంచుకొస్తోందని ఒక పత్రికలో రాశాడు. ఆయన చూపించింది ప్రధానంగా నగరాల్లోని నల్లజాతి కుర్రాళ్లనే. పత్రికలు ఆ మాటను ఎత్తుకున్నాయి, రాజకీయ నాయకులు వాడుకున్నారు, రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టుల్లో విచారించే చట్టాలు బిగించాయి. తీరా ఆ ఉప్పెన రాలేదు. బాల నేరాలు పెరగకపోగా తగ్గాయి. తర్వాత డిలూలియోనే తన అంచనా తప్పని ఒప్పుకున్నాడు. అదే ఏళ్లలో బడుల్లో వరుస కాల్పులు జరిపినవాళ్లు చాలావరకు చిన్న ఊళ్ల తెల్ల కుర్రాళ్లు. వాళ్లను చూసి తెల్ల పిల్లల తరమే ఇలా తయారైందని ఎవరూ సిద్ధాంతం రాయలేదు. రాయకపోవడమే సరి. ఆ పాటి న్యాయం రెండో వైపు పిల్లలకూ దక్కాల్సింది.

ఇలాంటి కథనాలు చూసేవాడి బుర్రలో ఏం చేస్తాయో పరీక్షించిన ఒక ప్రయోగం ఉంది. ఫ్రాంక్లిన్ గిలియం, షాంటో అయ్యంగార్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు లాస్ ఏంజెలెస్‌లో మామూలు జనాన్ని కూర్చోబెట్టి స్థానిక టీవీ వార్తల టేపు చూపించారు. మధ్యలో ఒక నేర వార్త. కొందరికి చూపిన టేపులో నిందితుడు నల్లవాడు. ఇంకొందరికి అదే ముఖం, కంప్యూటర్‌లో రంగు మార్చి తెల్లవాడిగా. మరికొందరికి నిందితుడి బొమ్మే లేదు, జరిగింది మాత్రం చెప్పారు. టేపు అయ్యాక, నిందితుణ్ని చూశారా అని అడిగారు. బొమ్మే లేని వార్త చూసినవాళ్లలో 60 శాతానికి పైగా చూశామని చెప్పారు. అలా చెప్పినవాళ్లలో 70 శాతం అతను నల్లవాడని చెప్పారు! 2000లో వెలువడిన ఈ అధ్యయనం నన్ను ఇప్పటికీ వదలదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అంతకుముందు వేల సాయంత్రాలు చూసిన వార్తలు ఆ ఖాళీని పూరించాయి.

ఇదంతా సంపాదకులు గదిలో కూర్చుని పన్నిన కుట్ర అనుకుంటే పొరపాటు. చాలావరకు ఇది పని జరిగే తీరులోంచి వస్తుంది. పేద పేటలో గొడవ జరిగితే అది క్రైమ్ రిపోర్టర్ చేతికి వెళ్తుంది. అతనికి సమాచారం ఇచ్చేది పోలీస్ స్టేషన్. ప్రెస్ నోట్‌లో ఏ మాటలుంటే వార్తలో అవే ఉంటాయి, ఫొటో కూడా స్టేషన్‌లో తీసిందే. అదే కలిగినవాళ్ల కాలనీలో జరిగితే విద్య, ఆరోగ్యం చూసే రిపోర్టర్లు కూడా దిగుతారు. మాట్లాడటానికి లాయర్ ఉంటాడు, కౌన్సెలర్ ఉంటాడు, చదువుకున్న పక్కింటివాళ్లు ఉంటారు. కుటుంబం చేతికిచ్చిన ఫొటోలో పిల్లాడు స్కూలు యూనిఫాంలో నవ్వుతుంటాడు. రిపోర్టర్ నిజాయితీపరుడే అయినా రెండు వార్తలూ రెండు రకాలుగా తయారవుతాయి. దానికి తోడు డెస్కులో కూర్చున్నవాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తారో, ఆ బడి లాంటి బడిలో జరిగిందే వాళ్లకు గుండెల్లో దిగుతుంది.

2005 మార్చి 21న మిన్నెసోటాలోని రెడ్ లేక్‌లో జరిగింది ఇంకో రకం కథ. అది ఒజిబ్వే తెగవాళ్ల సొంత నేల. 16 ఏళ్ల కుర్రాడు ముందు ఇంట్లో తాతనూ, ఆయన సహచరినీ చంపి, తర్వాత హైస్కూల్‌కు వెళ్లి ఏడుగురిని చంపి, తననూ కాల్చుకున్నాడు. కొలంబైన్ తర్వాత అప్పటివరకు అమెరికా బడిలో జరిగిన అతి పెద్ద కాల్పులు అవే. కానీ ఆ వారమంతా అమెరికన్ టీవీలు ఫ్లోరిడాలోని ఒక సంరక్షణ కేంద్రంలో ఏళ్లుగా స్పృహ లేని టెర్రీ షైవో అనే మహిళ చుట్టూ తిరిగాయి. ఆమె కోసం చట్టం మీద సంతకం పెట్టడానికి హుటాహుటిన వాషింగ్టన్ చేరిన అధ్యక్షుడు జార్జ్ బుష్, రెడ్ లేక్ గురించి దేశంతో మాట్లాడటానికి శనివారం రేడియో ప్రసంగం దాకా ఆగాడు. ఆదివాసీ నాయకులు ఆ మౌనాన్ని బహిరంగంగానే ఎత్తిచూపారు. ఒక మాట ఇటువైపు కూడా చెప్పాలి: తెగ పెద్దలు విలేకరుల్ని తమ నేల మీద స్వేచ్ఛగా తిరగనివ్వలేదు. తమ పేదరికం, తాగుడు, ఆత్మహత్యల గురించి మాత్రమే రాసేందుకు వచ్చేవాళ్లను చూసి చూసి విసిగినవాళ్లు తలుపు వేసుకోవడంలో వింత లేదు. ఫలితంగా దేశానికి ఆ బడి అసలు కనపడలేదు.

వార్త రాసే తీరు ఆ పేజీతో ఆగిపోతే ఇంత చెప్పాల్సిన పని లేదు. 1999 సెప్టెంబరులో, కొలంబైన్ జరిగి ఐదు నెలలకు, ఇల్లినాయ్ రాష్ట్రంలోని డికేటర్ ఊళ్లో ఫుట్‌బాల్ పోటీ జరుగుతుండగా గ్యాలరీలో కొందరు నల్లజాతి విద్యార్థులు కొట్టుకున్నారు. తుపాకీ లేదు, కత్తి లేదు. ఎవరో తీసిన వీడియో టేపు టీవీల్లో పదే పదే తిరిగింది. స్కూల్ బోర్డు ఆ పిల్లల్ని రెండేళ్లపాటు బడి నుంచి బహిష్కరించింది. పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ వచ్చి ఊరేగింపులు తీశాకే అది ఏడాదికి తగ్గింది. ఇదొక్క ఊరి కథ కాదు. అమెరికా విద్యాశాఖ 2014లో బయటపెట్టిన లెక్కల ప్రకారం నల్లజాతి విద్యార్థుల్ని బడి నుంచి సస్పెండ్ చేయడం, బహిష్కరించడం తెల్ల విద్యార్థుల కంటే మూడు రెట్లు ఎక్కువ. బడికి ముందు దశలో, అంటే నాలుగేళ్ల పసివాళ్లలో కూడా, వాళ్లు 18 శాతమే ఉంటే, ఒకటికి మించి సస్పెన్షన్లు పొందినవాళ్లలో 48 శాతం ఉన్నారు. నాలుగేళ్ల పిల్లాడి అల్లరిలో నేరాన్ని చూసే కళ్లు ఒక్క రోజులో తయారు కావు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో, ఒక హైస్కూల్లో జరిగిన కాల్పుల్లో 17 మంది చనిపోయారు. కలిగినవాళ్ల శివారు. అక్కడి విద్యార్థులు టీవీల ముందు గట్టిగా మాట్లాడారు, దేశం విన్నది. నెల తిరిగేసరికి, మార్చి 14న, దేశమంతటా విద్యార్థులు ఒక్కో మృతుడికి ఒక్కో నిమిషం చొప్పున 17 నిమిషాలు తరగతులు వదిలి బయటికొచ్చారు. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు మాత్రం 18 నిమిషాలు నిలబడ్డారు. ఆ ఒక్క నిమిషం కలపాలన్నది నయోమీ వాడ్లర్, ఆమె స్నేహితుడి ఆలోచన. నయోమీకి అప్పుడు 11 ఏళ్లు. అంతకు వారం ముందు అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 17 ఏళ్ల నల్లజాతి అమ్మాయి ఒకామె తన బడిలోనే తూటా తగిలి చనిపోయింది. నర్సు కావాలనుకున్న పిల్ల. పద్దెనిమిదో నిమిషం ఆమె కోసమే. ఆ వార్త జాతీయ పత్రికల మొదటి పేజీకి ఎక్కలేదు. అలా 18 నిమిషాలు నిలబడిన పది రోజుల తర్వాత వాషింగ్టన్‌లో లక్షల మంది ముందు నయోమీ మాట్లాడింది. మొదటి పేజీల్లో చోటు దక్కని నల్లజాతి ఆడపిల్లల తరఫున వచ్చానని చెప్పింది. పార్క్‌లాండ్ బడిలోని నల్లజాతి విద్యార్థులు కూడా ఆ మార్చి చివర్లో విలేకరుల్ని పిలిచి, అదే బడిలో చదివే తమను ఎవరూ అడగలేదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక మనవాళ్ల సంగతి. టెక్సస్‌లోని ఫ్రిస్కో అంటే తెలుగు ఇళ్లలో కొత్త పేరేమీ కాదు. కార్యసిద్ధి హనుమాన్ గుడి అక్కడే. అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్లు ముందు చూసేది స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగు, తర్వాతే వంటిల్లు. అలాంటి ఫ్రిస్కోలో 2025 ఏప్రిల్ 2న బడుల మధ్య పరుగు పందేల సందర్భంగా స్టేడియంలో ఒక టెంటు కింద జరిగిన గొడవలో 17 ఏళ్ల తెల్ల విద్యార్థి కత్తిపోటుకు చనిపోయాడు. నిందితుడు అదే వయసు నల్ల విద్యార్థి. ఆ పూటే సోషల్ మీడియా రెండు జట్లుగా విడిపోయింది. పోలీస్ చీఫ్ పేరుతో దొంగ ఖాతా తెరిచి అబద్ధాలు పంచారు. చనిపోయిన పిల్లాడి కుటుంబం ఇంటికి దొంగ ఫోన్‌కాల్‌తో పోలీసుల్ని పంపించారు. దీన్ని జాతుల గొడవ చేయొద్దని కొడుకును పోగొట్టుకున్న తండ్రే చెప్పినా వినేవాళ్లు తక్కువ. ఆ కథలో మనవాళ్లు తెల్లా కాదు, నల్లా కాదు. కానీ ‘సేఫ్ ఏరియా’ అని మనం అనేటప్పుడు ఎవరు లేని చోటు అని మన ఉద్దేశమో, ఆ మాట మనకు ఎవరు నేర్పారో ఒకసారి ఆలోచిస్తే మంచిది.

ఇండియాలో రంగు బదులు డబ్బు, మతం, కులం వచ్చి కూర్చుంటాయి. 2017 సెప్టెంబరు 8న గురుగ్రామ్‌లోని ఒక పెద్ద ప్రైవేటు బడి మరుగుదొడ్లో రెండో తరగతి పిల్లాడు గొంతు కోసి ఉండగా దొరికాడు. ఆ రోజే పోలీసులు స్కూలు బస్సు కండక్టర్ని పట్టుకున్నారు. అతను కెమెరాల ముందు నేరం ఒప్పుకున్నాడు కూడా. అతని పేరు, ముఖం, ఊరు, ఇల్లు దేశమంతా చూసింది. బీదవాడు, బస్సు పనివాడు. కథ సరిపోయిందనుకుని నమ్మేశారు. రెండు నెలలకు సీబీఐ వచ్చి, చంపింది అదే బడిలో పదకొండో తరగతి చదివే 16 ఏళ్ల విద్యార్థి అని, పరీక్షలూ పేరెంట్స్ మీటింగూ వాయిదా పడాలనే చేశాడని ఆరోపించింది. కండక్టర్‌కు బెయిల్ వచ్చింది, 2018 ఫిబ్రవరిలో కోర్టు అతన్ని కేసు నుంచి తప్పించింది. విద్యార్థి అసలు పేరు బయటికి రాకుండా కోర్టు అతనికి ‘భోలు’ అని మారుపేరు పెట్టింది. పరీక్షల ఒత్తిడి గురించి టీవీల్లో చర్చలు జరిగాయి. మైనరుకు మారుపేరు పెట్టడం న్యాయమే, చట్టం చెప్పేది అదే. కండక్టర్ పెద్దవాడు కాబట్టి ఆ రక్షణ లేదు, అదీ ఒప్పుకుందాం. అయితే ఉదయ్‌పూర్ సంగతేమిటి?

2024 ఆగస్టు 16న రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో ప్రభుత్వ బడిలో పదో తరగతి పిల్లాడు తోటి విద్యార్థిని కత్తితో పొడిచాడు. ఇతనూ మైనరే. కానీ సాయంత్రానికల్లా అతని మతం ఊరంతా తెలుసు. కార్లు తగలబడ్డాయి, ఇంటర్నెట్ ఆపేశారు. మర్నాడు బుల్డోజర్ వచ్చి ఆ కుటుంబం ఉండే ఇంటిని కూల్చేసింది. అటవీ భూమి ఆక్రమణ అన్నారు అధికారులు. ఆ ఇల్లు వాళ్లది కూడా కాదు, అద్దెకుంటున్నారు. సొంతదారు సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కత్తిపోటు తిన్న పిల్లాడు 19న చనిపోయాడు. ఇద్దరు పిల్లల మధ్య బడిలో మొదలైన తగువు ఏమిటన్నది ఆ నాలుగు రోజుల గోలలో ఎవరికీ పట్టలేదు. గురుగ్రామ్ కుర్రాడికి ‘ఎందుకు’ అన్న ప్రశ్న దక్కింది. ఉదయ్‌పూర్ కుర్రాడికి అతని మతమే జవాబైపోయింది.

తెలుగు పత్రికల్లో ఈ తేడా ఇంత భీకరంగా కనిపించకపోవచ్చు, అలవాటుగా మాత్రం ఉంది. సంక్షేమ హాస్టల్లో పిల్లలు కొట్టుకుంటే హాస్టల్ పేరు, ఊరు, మండలం, వార్డెన్ పేరుతో సహా జిల్లా ఎడిషన్లో వస్తుంది. అదే ఫీజు లక్షల్లో ఉండే చోట అయితే ‘ఓ ప్రముఖ కార్పొరేట్ కళాశాల’ అని వస్తుంది. ఆ కళాశాల ఏదో ఆ ఊళ్లో అందరికీ తెలుసు, పత్రిక ఒక్కదానికే తెలియనట్టు ఉంటుంది. ర్యాంకుల రోజున అదే సంస్థ నిండు పేజీ ప్రకటనలో పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో చూసినవాళ్లకు కారణం విడమరిచి చెప్పక్కర్లేదు.

పాఠకుడి చేతిలో ఉన్నది చిన్న పనే. బడిలో గొడవ గురించి వార్త చదివినప్పుడు, ఇందులో మాట్లాడినవాళ్లెవరు, పోలీసులేనా, ఆ పిల్లాడికి చదువు చెప్పినవాళ్లు, కన్నవాళ్లు కూడానా అని చూడండి. పిల్లాడి కులమో మతమో పేటో వార్తలో ఉంటే, జరిగినదానికి దానితో నిజంగా సంబంధం ఉందా, లేక మనం మిగతాది ఊహించుకోవడానికి పెట్టారా అని అడగండి. పేరు మార్చి, మన పిల్లాడి పేరు పెట్టి మళ్లీ చదవండి. ఆ వాక్యాలు అప్పుడు కూడా అలాగే రాస్తారా?

ఇక ఫొటోలూ వీడియోలూ పంచుకోవడం సంగతి చట్టంలోనే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం చేశాడని ఆరోపణ ఉన్న పిల్లవాడైనా, బాధితుడైనా, సాక్షి అయినా, అతని పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే మరే వివరమైనా పత్రికలో గానీ టీవీలో గానీ ఇంకే సమాచార సాధనంలో గానీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.